మాయమైన తల్లిని నడిమధ్య నిలబెట్టారు

మేడారం జాతర దగ్గరపడుతుంటే హనుమకొండ నుంచి ములుగు దాకా రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు లేస్తాయి. వాటి మీద నాయకుల ముఖాలు మారతాయి గానీ అమ్మవారి బొమ్మ మారదు. నడిమధ్య పులి, పులి మీద కిరీటం పెట్టుకున్న సమ్మక్క, తల వెనక వెలుగుచక్రం, ఆ వెనక ఉరిమే ఆకాశం. ఫ్లెక్సీ సంగతి సరే, దూరానికి కనిపించడమే దాని పని. కానీ అదే బొమ్మ పిల్లల కథల పుస్తకాల్లోకి, జాతర ప్రత్యేక సంచికల్లోకి, బళ్లలో జరిగే బొమ్మల పోటీల్లోకి వచ్చి కూర్చుంది. నీటిరంగులతో ఎంతో శ్రద్ధగా వేసిన కథాచిత్రాల్లోనూ ఎక్కువగా కనిపించేది ఈ కూర్పే.

దీని వెనక బలమైన నమ్మకం ఒకటి ఉంది. కథకు బొమ్మ వేసేటప్పుడు భావాన్ని మోసేది ముఖమేననీ, ఆ ముఖం పెద్దదిగా మధ్యలో ఉండాలనీ, ఆకాశమూ రంగులూ దానికి వంత పాడాలనీ చాలామంది చిత్రకారులు, వాళ్లకంటే ఎక్కువమంది సంపాదకులు నమ్ముతారు. ఈ నమ్మకం నుంచే ఇంకో రెండు తీర్పులు పుట్టాయి. గుడ్డ మీద కథలు గీసే చేర్యాల పటాల్లో కథ ఉంటుంది, భావం ఉండదు అన్నది మొదటిది. నీటిరంగులు పూలకూ వానకూ పల్లె దృశ్యాలకూ సరిపోతాయి తప్ప యుద్ధగాథ బరువు మోయలేవన్నది రెండోది. మూడూ తప్పే. ఇవి అభిరుచికి సంబంధించిన చిన్న తేడాలు కూడా కావు. ఓరుగల్లు అడవుల్లో పుట్టిన ఒక గొప్ప గాథను దాని సొంత అర్థానికి ఎదురుగా నిలబెడుతున్న తప్పులు.

ముందు కథ దగ్గరికి వెళ్లాలి. ఇది శాసనాల్లో చెక్కిన చరిత్ర కాదు, కోయల పాటల్లో, జాతర మాటల్లో నిలిచిన ఐతిహ్యం. కథనానికీ కథనానికీ తేడాలున్నాయి. ఎక్కువగా వినిపించే కథనం ప్రకారం, పొలవాసను ఏలే మేడరాజు వేటకు వెళ్లినప్పుడు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప కనిపించింది. ఆ పాపే సమ్మక్క. మేడారాన్ని ఏలే పగిడిద్దరాజుతో ఆమెకు పెళ్లయింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. కరువొచ్చింది, కప్పం కట్టలేకపోయారు. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, ఆమె భర్త గోవిందరాజు, నాగులమ్మ పోరులో నేలకొరిగారు. ఓటమిని తట్టుకోలేక జంపన్న సంపెంగ వాగులో దూకాడు. అప్పటినుంచి దాని పేరు జంపన్న వాగు. చివరిదాకా నిలబడి పోరాడిన సమ్మక్కను శత్రువు ఒకడు వెనక నుంచి పొడిచాడు. ఆమె గాయంతోనే చిలుకలగుట్ట వైపు నడిచి, మలుపు తిరిగి, మాయమైంది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు చెట్టు కింద పుట్ట దగ్గర కుంకుమభరిణె దొరికింది.

ఈ గాథలో గుండె పట్టేసే ఘట్టాలు మూడు: పులుల మధ్య పాప, వాగులో దూకిన కొడుకు, మలుపులో కనిపించకుండా పోయిన తల్లి. మూడింటిలోనూ ముఖానికి పని తక్కువ. మొదటి ఘట్టంలో ఒళ్లు గగుర్పొడిచేది పాప నవ్వు చూసి కాదు, పాపకూ పులి పంజాకూ మధ్య ఉన్న జానెడు దూరం చూసి. రెండో ఘట్టంలో వాగు ఎంత వెడల్పుగా ఉంది, ఒడ్డున ఎవరైనా మిగిలారా అన్నదే దుఃఖానికి కొలత. మూడో ఘట్టంలోనైతే చూపించడానికి మనిషే లేదు. కథ మొదటినుంచీ ఆ లేకపోవడం వైపే నడుస్తుంది. అడవిలో దొరికిన పాప అడవిలోకే వెళ్లిపోయింది. మధ్యలో జరిగిందంతా రాజ్యానికీ అడవికీ మధ్య తగువు.

అలాంటి కథకు ముఖాన్ని మధ్యలో పెట్టి బొమ్మ వేస్తే ఏమవుతుంది? వాగు పోతుంది. గుట్ట పోతుంది. కరువు పోతుంది. కప్పం అడిగిన రాజు పోతాడు, కట్టలేమన్న జనం పోతారు. మిగిలేది ఆయుధం పట్టిన ఒక దేవత. ఆమెను ఏ ఊరికి తీసుకెళ్లినా, ఏ కథకు తగిలించినా సరిపోతుంది. ఆ కిరీటం కింద, ఆ పట్టుచీర మడతల్లో, ఆమె కోయ ఆడబిడ్డ అని చెప్పే గుర్తు వెతికినా దొరకదు. కూర్పు అంటే బొమ్మలను అందంగా సర్దడమే అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. ఎవరిని మధ్యకు తెచ్చారు, ఎవరిని అంచుకు నెట్టారు, దేన్ని వదిలేశారు అన్నదాన్ని బట్టే ఆ బొమ్మలో కథ ఎవరిదో తేలుతుంది.

భక్తులకు ముఖం కావాలి కదా, దర్శనమంటే కళ్లలోకి చూడడమే కదా అని ఒక వాదన ఉంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ మేడారమే దాన్ని ఒప్పుకోదు. అమ్మవార్లను నిలిపే గద్దెల మీద విగ్రహాలు లేవు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతరలో జరిగిందీ, అంతకుముందు జాతరల్లో జరిగిందీ ఒక్కటే. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. వచ్చేది కుంకుమభరిణె, వెదురు. కోయ పూజారులు గుట్ట మీది నుంచి అమ్మను తెస్తుంటే పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. డోలు మోగుతుంది, దేవత పూనిన శివసత్తులు ఊగిపోతారు, దారికి ఇరుపక్కలా జనం నేల ఈనినట్టు ఉంటారు. సర్కారు లెక్కల్లో కోటి దాటే ఆ జనం విగ్రహం లేని తల్లికి తమ ఎత్తు బెల్లాన్ని ‘బంగారం’గా ఇచ్చి, కళ్లు తుడుచుకుంటూ తిరిగి వెళ్తారు. ముఖం లేకుండా భావం కలగదన్న సిద్ధాంతం ఆ నాలుగు రోజుల ముందు నిలవదు. అసలు ఆ జనానికి లేని అవసరాన్ని బొమ్మ వేసేవాళ్లు వాళ్ల మీద రుద్దుతున్నారు.

వరంగల్ కోటలోనూ ఇదే విషయం రాతిలో కనిపిస్తుంది. స్వయంభూ శివుడి గుడి నేలమట్టమైంది. దాని చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలు మాత్రం మిగిలాయి. 1323లో ఢిల్లీ సుల్తానత్‌కు చెందిన ఉలుగ్ ఖాన్ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాక ఏడు శతాబ్దాలుగా ఆ నాలుగు ద్వారాలూ మధ్యలోని ఖాళీకి కాపలా కాస్తున్నాయి. వరంగల్‌లో కుంచె పట్టినవాళ్లలో ఆ తోరణం వేయనివాళ్లు అరుదు. అయితే ఎక్కువమంది తోరణం మీది హంసలను, మొసళ్లను, చెక్కడపు పనిని ఒకటొకటిగా దించుతారు. రెండు స్తంభాల మధ్య కనిపించే ఉత్త ఆకాశానికి ఏదో ఒక నీలం పూసి ముగిస్తారు. అక్కడ నిలబడి చూసినవాళ్లను కదిలించేది మాత్రం ఆ ఆకాశమే. గుడి ఉండాల్సిన చోట గుడి లేదు. చెక్కడం ఎంత గొప్పదైనా, ఆ చోటు ఖాళీగా ఉండబట్టే అక్కడ గొంతు పట్టేస్తుంది.

ఇక చేర్యాల మీద తీర్పు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేటలో కలిసిన చేర్యాలలో నకాశీ కుటుంబాలు తరతరాలుగా పటాలు వేస్తున్నాయి. గజం వెడల్పు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బియ్యపు గంజి, బంక కలిపి పూతలు పూస్తారు. ఆరాక కుంచెతోనే నేరుగా గీత గీస్తారు. బొమ్మల చుట్టూ ఎర్రరంగు నింపుతారు, ఆ తర్వాత మిగిలిన రంగులు, చివర నల్లగీత. పటం నలభై అడుగులు దాటిపోవడం మామూలే. అడ్డంగా పట్టీలు, పట్టీకీ పట్టీకీ మధ్య పూల అంచు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు ఆయా కులాల పురాణాలను ఈ పటాలు విప్పి చెప్పేవాళ్లు.

విమర్శకుల అభ్యంతరాలు అందరికీ తెలిసినవే. ఎక్కడ చూసినా అదే ఎరుపు. ముఖాలన్నీ ఒకే అచ్చు. దగ్గరున్నదీ దూరాన ఉన్నదీ ఒకే కొలత. ఏడ్చేవాడికీ నవ్వేవాడికీ ఒకటే కన్ను. కాబట్టి ఇది అలంకారమే తప్ప భావచిత్రణ కాదని తేల్చేస్తారు.

వాళ్లు చూస్తున్నది పటాన్ని కాదు, పటంలోంచి కోసిన ముక్కను. కథ చెప్పించుకునే కులాలు ఆ అలవాటు మానుకున్నాక నకాశీలు బతకడానికి చిన్న చిన్న ఫ్రేములు వేయడం మొదలుపెట్టారు. గోడకు తగిలించుకునే ఆ ఒక్క దృశ్యాన్ని చూసి మొత్తం పద్ధతికే మార్కులు వేయడం అన్యాయం. పటం రాత్రిపూట దీపం వెలుగులో నిలబడేది. గాయకుడు ఒక్కో పట్టీ విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ, మాట్లాడుతూ, ఏడిపిస్తూ నడిపేవాడు. దూరంగా కూర్చున్న ముసలివాళ్లకు కూడా ఎవరు ఎవరో తెలియాలి; అందుకే ముఖం కన్నా తలపాగా, చీర రంగు, చేతి భంగిమ ఎక్కువ మాట్లాడతాయి. మసక వెలుగులో కూడా ఆ ఎరుపు బొమ్మలను ముందుకు తోస్తుంది. వెనక్కి వెళ్లిపోయే లోతు అక్కడ అనవసరం. లోతు ఉంటే చూపు పట్టీలోనే చిక్కుకుంటుంది, కథ ఆగిపోతుంది.

ఎరుపు మారదన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరంలా కనిపిస్తుంది. నిజానికి అదే బలహీనమైనది. కచేరీలో శ్రుతి మారదు. మారదు కాబట్టే దాని మీద నిలిచిన ప్రతి స్వరం దూరం తెలుస్తుంది. పటంలో ఎరుపు చేసే పని అదే. యుద్ధం వచ్చిన పట్టీలో మనుషులు, గుర్రాలు, ఆయుధాలు ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చుంటే ఎరుపు సందుల్లో మాత్రమే మిగిలి ఊపిరాడనివ్వదు. ఇద్దరు మాట్లాడుకునే పట్టీలో అదే ఎరుపు విశాలంగా పరుచుకుని మౌనాన్ని ఇస్తుంది. రంగు ఒకటే, చోటు మారింది, భావం మారింది. ఇది కూర్పు ద్వారా భావాన్ని కట్టడం కాకపోతే మరేమిటి?

పొరుగు ఉదాహరణ ఒకటి చూస్తే ఇంకా తేట అవుతుంది. జపాన్‌లో 1159లో మొదలైన హెయిజి తిరుగుబాటు మీద 13వ శతాబ్దంలో వేసిన పొడవాటి కాగితపు చుట్ట ఒకటి బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. సాంజో రాజభవనం మీద రాత్రి దాడి దాని ఇతివృత్తం. సిరా, రంగులతో వేసిన ఆ చుట్టలో విడిగా చెప్పుకోదగ్గ ముఖం దాదాపు లేదు. మొదట పరుగులు తీసే ఎడ్లబండ్లు, తొక్కిసలాట. తర్వాత భవనాన్ని మింగేసే మంటలు, వాటి కింద చావులు. చివరికి వచ్చేసరికి గుంపు పలచబడి, ఒకరిద్దరు, వాళ్ల ముందు ఖాళీ కాగితం. కిక్కిరిసిన చోటుకూ ఖాళీ చోటుకూ మధ్య ఉన్న ఈ తేడాలోనే దాని భయమంతా ఉంది. దాన్ని ప్రపంచ చిత్రకళలో మహత్తరమైనదిగా ఒప్పుకునేవాళ్లే చేర్యాల పటం ముందుకు వచ్చేసరికి ‘గుంపు ఎక్కువైంది’ అంటారు. కొలబద్ద ఎందుకు మారిందో చెప్పాల్సింది వాళ్లే.

కోయల దగ్గర ఉన్న సాక్ష్యాన్ని కూడా పక్కన పెట్టకూడదు. పడిగె అని పిలిచే గుడ్డ జెండాల మీద వాళ్ల గోత్రాల కథలు బొమ్మలుగా ఉంటాయి. డోలీ కళాకారులు వాటి ముందు పాడతారు. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క గాథను అలా పాడిన గాయకుల్లో పేరున్నవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాటగాడికి గుర్తింపు వచ్చాక కూడా ఆ పాటకు ఆధారమైన బొమ్మల పద్ధతి నుంచి నేర్చుకునేది ఏమీ లేదన్నట్టు పుస్తకాల బొమ్మలు క్యాలెండర్ల వైపే చూస్తున్నాయి. ఇది బాధ కలిగించే విషయం.

నీటిరంగులు యుద్ధగాథకు చాలవన్న మాట మీదికి వస్తే, ముందు ఒక చిన్న గుర్తు. చేర్యాల పటం కూడా నీటిలో కలిపి, బంకతో పట్టించిన రంగులతో వేసిందే. కాకపోతే అవి అడుగును కప్పేసే దట్టమైన రంగులు. పుస్తకాల బొమ్మలకు వాడేవి అడుగు కనిపించే పారదర్శకమైన రంగులు. ఈ రెండో రకంలో తెలుపు డబ్బాలోంచి రాదు. తాకకుండా వదిలేసిన కాగితమే తెలుపు. లేతనుంచి ముదురుకు వెళ్లాలి, వెనక్కి రావడం కష్టం. అందువల్ల చిత్రకారుడు కుంచె ముంచకముందే ఎక్కడ ఏమీ వేయకూడదో తేల్చుకోవాలి. నూనెరంగుల్లో ఖాళీని చివర్లో తెచ్చుకోవచ్చు, నీటిరంగుల్లో దాన్ని మొదటినుంచీ కాపాడుకోవాలి. మనిషి మాయమైపోవడమే పతాకఘట్టంగా ఉన్న గాథకు ఇంతకన్నా తగిన మాధ్యమం ఏముంటుంది?

బలం సంగతీ అంతే. తడి కాగితం మీద తడి రంగు వేస్తే అంచులు కరిగి అడవీ పొగా కలిసిపోతాయి. ఆరిన కాగితం మీద వేస్తే అంచు కత్తిలా నిలుస్తుంది. చూపు ఎప్పుడూ గట్టి అంచు దగ్గరికే పోతుంది. పొడి కుంచెను గరుకు కాగితం మీద ఈడిస్తే కరువు నేల పగుళ్లు వాటంతటవే వస్తాయి. అల్ట్రామెరైన్ నీలం కాగితపు గుంతల్లో రేణువులుగా దిగి రాతిగుట్టకు గరుకుదనం ఇస్తుంది. ఇవన్నీ యుద్ధానికి, చావుకు, ఎండకు పనికొచ్చే పనిముట్లు. వీటిని పూలకుండీల దగ్గర ఆపేసింది చిత్రకారుల అలవాటు. ఆ నేరం మాధ్యమానిది కాదు.

ఈ వాదనకు ఇంకో మర్యాదైన రూపం కూడా ఉంది. భావం కావాలంటే వాష్ పద్ధతి ఉంది కదా, పొగమంచు పరిస్తే చాలు కదా అంటారు. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు యోకోయామా తైకాన్, హిషిదా షున్సోల పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ ఆ దారి పట్టారు. వేసిన బొమ్మను నీటిలో తడిపి, మళ్లీ రంగు వేసి, మళ్లీ తడిపి అంచులను కరిగించే పద్ధతి అది. 1905లో ఆయన వేసిన ‘భారతమాత’ దానికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆ గాలి తెలుగునాటికీ వచ్చింది. రుద్రమదేవి కాలాన్ని ‘గోన గన్నారెడ్డి’ నవలగా రాసిన అడివి బాపిరాజు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర ఈ సంప్రదాయంలోనే చిత్రకళ నేర్చుకున్నారు. అప్పటి వరంగల్ జిల్లా పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. వీళ్లంతా పెద్దవాళ్లు. అయితే వాళ్ల తర్వాత వాష్‌ను అనుకరించినవాళ్ల చేతిలో పొగమంచు ఒక మందుగా మారింది. విషాదానికీ అదే, శృంగారానికీ అదే, భక్తికీ అదే. ‘భారతమాత’లో మూర్తి చుట్టూ పొగ నిలిచిందంటే దానికి కారణం ఉంది. అది కథాచిత్రం కాదు, ఆరాధన కోసం నిలబెట్టిన మూర్తి. ముందూ వెనకా ఏమీ జరగదు. సమ్మక్క గాథలో ముందు కరువుంది, వెనక జాతర ఉంది. ఆ మధ్యలోని క్షణానికి పొగ ఒక్కటే సరిపోదు. ఎవరు ఎటు వెళ్తున్నారో తెలియాలి.

ఐరోపాలో మధ్యయుగపు నిబెలుంగ్ గాథలకు వాగ్నర్ సంగీతనాటకాల రూపం ఇచ్చాక, ఆర్థర్ రాకమ్ 1910, 1911 సంవత్సరాల్లో ఆ కథకు సిరాగీత, నీటిరంగులతో బొమ్మలు వేశారు. గోధుమ, బూడిద రంగుల పలచటి పొరలు. ఆ బొమ్మల్లో మెలితిరిగిన వేర్లు, బండలు, మేఘాలు పాత్రలతో సమానంగా పనిచేస్తాయి. చెట్టు కొమ్మ ఒకటి మనిషి మీదికి వంగిన తీరులోనే కీడు తెలిసిపోతుంది. రంగు పలచనైనంత మాత్రాన యుద్ధగాథ పలచబడలేదు. నూరేళ్లు దాటినా ఆ పుస్తకాలు మళ్లీ మళ్లీ అచ్చవుతున్నాయి.

ఒక విషయం న్యాయంగా ఒప్పుకోవాలి. ఎదుటివాళ్లు వడ్డాది పాపయ్య (వపా) పేరు చెప్తారు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’కు ఆయన వేసిన ముఖచిత్రాలు, వాటిలోని నిండైన మనుషులు, పండిన రంగులు మూడు తరాల తెలుగువాళ్ల కళ్లలో ఉన్నాయి. అక్కడ మనిషి మధ్యలోనే ఉన్నాడు, ముఖం పెద్దదిగానే ఉంది, భావమూ ఉంది. నిజమే. ముఖచిత్రం చేసే పని వేరు. అది దుకాణంలో వేలాడుతూ పది పత్రికల మధ్య పిల్లవాణ్ని పిలవాలి. కథను ఒక్క ఉదుటున అందించాలి. వపా ఆ పనిని ఎవరూ అందుకోలేనంత ఎత్తులో చేశారు. ఆయన్ని గౌరవించడమంటే ఆ ముఖచిత్రపు సూత్రాన్ని తెచ్చి లోపలి పదిహేను పేజీలకు అతికించడం కాదు. లోపలి బొమ్మ కథ పక్కన కూర్చుంటుంది. పాఠకుడు దాన్ని చదువుతూ చూస్తాడు, పేజీ తిప్పి మళ్లీ వెనక్కి వస్తాడు. అక్కడ ప్రతి పేజీలోనూ అమ్మవారు ఎదురుగా నిలబడి చూస్తుంటే మూడో పేజీకే ఆ చూపు మొద్దుబారిపోతుంది.

అయితే ఎలా వేయాలి అని అడిగే హక్కు చిత్రకారులకు ఉంది. సమాధానాలు కథలోనే ఉన్నాయి. పులుల ఘట్టంలో పాపను పేజీ కింది మూలలో, కాగితపు తెలుపుకు దగ్గరగా, లేత రంగులో పెట్టవచ్చు. పులుల చారలు వెదురు నీడలతో కలిసిపోవాలి, ఎన్ని పులులున్నాయో లెక్క తేలకూడదు. మేడరాజు పేజీ అవతలి అంచున ఆగిపోయి ఉంటాడు. భయం పులుల కోరల్లో అక్కర్లేదు, రాజు ఆగిపోయిన ఆ దూరంలో ఉంటుంది.

సైన్యం వచ్చే ఘట్టానికి రామప్ప గుడి దారి చూపిస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి పీఠం చుట్టూ ఏనుగుల వరస నడుస్తూ ఉంటుంది. ఒక్క ఏనుగూ నాయకుడు కాదు, వరస తెగదు. అధికారం అంటే అదే: ఆగకుండా వచ్చేది, ముఖం అవసరం లేనిది. ఆ వరసను పేజీ పైఅంచున, కాగితం చివర తెగిపోయేలా పెట్టి, కింద మూడొంతులు పొడి కుంచెతో గీరిన కరువు నేలను వదిలితే, కప్పం ఎందుకు కట్టలేకపోయారో ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రతాపరుద్రుణ్ని క్రూరమైన ముఖంతో సింహాసనం మీద కూర్చోబెట్టడం కన్నా ఇది ఎంతో నిజాయతీ ఉన్న పని. ఓరుగల్లు ప్రజలకు కాకతీయులూ సొంతమే, సమ్మక్కా సొంతమే. ఆ చిక్కును ముఖకవళికలతో తేల్చేయడం కథకు చేసే ద్రోహం.

చిలుకలగుట్ట ఘట్టం దగ్గర చిత్రకారుడి ధైర్యం తేలుతుంది. వెతకడానికి వచ్చినవాళ్లు మనకు వీపులు చూపిస్తూ నిలబడి ఉంటారు. వాళ్ల ముందు దారి గుట్ట వైపు తిరుగుతుంది, మలుపు దగ్గర కాగితం తాకకుండా వదిలేసి ఉంటుంది. మాఘమాసపు అడవి కాబట్టి పచ్చదనం తక్కువ. బూడిద, గోధుమ, రాలిన ఆకుల రంగు. మొత్తం బొమ్మలో ఎరుపు ఒక్కచోటే, చెట్టు మొదట్లో, భరిణె దగ్గర. ఆ ఎరుపు ముందు కంటపడకూడదు. చూసేవాళ్లు కూడా ఆ జనంతో పాటు వెతికి కనుక్కోవాలి. ‘అమ్మ ఏది?’ అని పిల్లలు అడుగుతారని సంపాదకులు భయపడతారు. అడగాలి. ఆ రోజు మేడారంలో అందరూ అడిగింది అదే. పిల్లలకు అర్థం కాదనడం కూడా అనుభవానికి విరుద్ధం. పటం కథల రాత్రుల్లో ముందు వరసలో కూర్చునేది పిల్లలే. గుంపులో తమకు కావలసినవాణ్ని వేలు పెట్టి చూపించేదీ వాళ్లే.

చివరికి మిగిలేది అచ్చు గురించిన సాకు. పలచటి పూతలు అచ్చులో ఎగిరిపోతాయి, అందుకే దట్టంగా, మధ్యలో, పెద్దగా వేయమంటున్నాం అని ప్రచురణకర్తలు చెప్పే మాటలో ఒకప్పుడు కొంత నిజం ఉండేది. మూడు రంగుల బ్లాకుల కాలంలో రంగు పక్కకు జరిగితే గీతే బొమ్మను కాపాడేది; రాకమ్ కాలం నాటి చిత్రకారులు సిరాగీతను వదలకపోవడానికి అది కూడా ఒక కారణం. ఈనాటి నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో మంచి స్కాన్, సరైన కాగితం ఉంటే లేత పొర కూడా నిలుస్తుంది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ జాతర పుస్తకాలకు మెరిసే లామినేషన్ అట్టకూ బంగారు అక్షరాలకూ పెట్టే డబ్బు లోపలి కాగితానికి పెట్టవచ్చు. బొమ్మకు ఇంత అని ఇచ్చే పారితోషికాన్ని కాస్త పెంచి, ఫ్లెక్సీని నమూనాగా చేతికివ్వకుండా, చిత్రకారుణ్ని ఒకసారి కన్నెపల్లికి, చిలుకలగుట్ట దారికి, చేర్యాలలో నకాశీ ఇంటికి పంపవచ్చు. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఒక పుస్తకానికి పది బొమ్మలు వేయడానికి ఆ వ్యవధి చాలు.